యాపిల్ పాఠంలో మన పండు ఎక్కడ?

మన ఏజెన్సీ బడుల్లో, అంగన్‌వాడీల్లో గోడ మీద మొదట కనిపించే పండు యాపిల్. ఇంగ్లీషు అక్షరాల పట్టికలో తొలి అక్షరం పక్కన ఎర్రగా, నున్నగా నిలబడి ఉంటుంది. ఇన్నాళ్లూ అది బొమ్మ మాత్రమే. ఇప్పుడు గోడ దిగి కృత్యాల్లోకి వచ్చింది. 2020 జాతీయ విద్యావిధానం, దాని వెనుక 3 నుంచి 8 ఏళ్ల పిల్లల కోసం 2022లో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం, చిన్నపిల్లలకు ఆటపాటలతో, చేతిపనులతో నేర్పాలని చెప్పాయి. మంచి మాట. ఆ మాట వెంటే టీచర్ల ఫోన్లలోకి రకరకాల కృత్యాలు వచ్చిపడ్డాయి. వాటిలో యాపిల్ కృత్యాలకు పెద్ద పీట. వాటిని ఇక్కడ పరిశీలించాలనుకుంటున్నాం. తీసిపారేయడానికి కాదు. వాటిలో మనం తీసుకోవలసింది ఏది, వదిలేయవలసింది ఏది అని తేల్చుకోవడానికి.

ముందు ఆ కృత్యాలు ఏమిటో చూద్దాం. యాపిల్‌ను నిలువుగా కాకుండా అడ్డంగా కోస్తారు. మధ్యలో ఐదు గదుల నక్షత్రం కనిపిస్తుంది. గదుల్లో గింజలు లెక్కపెట్టమంటారు. ఇంకో పండును నీళ్ల బకెట్‌లో వేస్తారు. మునుగుతుందా, తేలుతుందా అని ముందుగా అడుగుతారు. అది తేలుతుంది, ఎందుకంటే దాని పరిమాణంలో సుమారు నాలుగో వంతు గాలే. కోసిన ముక్కల్లో ఒకదానికి నిమ్మరసం రాసి, ఇంకోదాన్ని వదిలేస్తారు. కాసేపటికి రాయని ముక్క గోధుమరంగుకు తిరుగుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు పండ్లను రుచి చూపించి, ఎవరికి ఏది నచ్చిందో చేతులెత్తించి గీతలు గీస్తారు. సగం ముక్కను రంగులో ముంచి కాగితం మీద అచ్చులు వేస్తారు.

ఇవి మంచి కృత్యాలు. చూడడం, పోల్చడం, ముందుగా ఊహించడం, లెక్కపెట్టడం, నోరు తెరిచి చెప్పడం అన్నీ వీటిలో ఉన్నాయి. ఐదేళ్ల బిడ్డకు శాస్త్రం అంటే ఇదే. పుస్తకం చూసి గట్టిగా అరిచి చదివే పాఠం కంటే ఇవి వెయ్యి రెట్లు మేలు. గిజూభాయి 'పగటికల' చదివిన టీచర్లకు ఈ మాట కొత్త కాదు.

మరి మా అభ్యంతరం ఎక్కడ? ఈ కృత్యాలు పుట్టిన చోటుకు వెళితే తెలుస్తుంది.

అమెరికాలో బడులు ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో తెరుస్తారు. న్యూయార్క్, మిషిగన్, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాల్లో యాపిల్ తోటలు కోతకొచ్చేదీ అప్పుడే. పిల్లల్ని బస్సెక్కించి తోటకు తీసుకుపోతారు. చెట్టు నుంచి పండు తెంపిస్తారు. ఊరూరా తిరిగి యాపిల్ నారు పెంచిన జాన్ చాప్‌మన్ కథ చెబుతారు. ఆయన 1774 సెప్టెంబరు 26న పుట్టాడు, అందుకని ఆ నెలలోనే ఆయన్ని తలుచుకుంటారు. అంటే అక్కడి టీచరు ఎక్కడి నుంచో పండు తేలేదు. ఆ నేల మీద, ఆ నెలలో, ఆ పిల్లల ఇంట్లో ఉన్న పండునే తరగతిలోకి తెచ్చింది. ఆ పాఠానికి ప్రాణం యాపిల్ కాదు. తన చోటు, తన కాలం, తన చేయి. ఈ మూడింటినీ మనం వదిలేశాం, యాపిల్‌ను మాత్రం తెచ్చుకున్నాం. మా విమర్శ ఇంతే.

మూడూ పోయాక తరగతిలో ఏం మిగులుతుందో మేము కొన్ని బడుల్లో చూశాం. సంతలో కొన్న ఒక్క యాపిల్ బల్ల మీద ఉంటుంది. టీచరు కోస్తారు. ముప్పై మంది పిల్లలు మెడలు చాచి చూస్తారు. చేత్తో చేయవలసిన పని కంటితో చూసే పని అయిపోతుంది. పక్క ఏడాది ఆ ఒక్క పండు కూడా ఉండదు. థర్మాకోల్ యాపిల్, ఎర్ర కాగితం యాపిల్ వస్తాయి. కాగితం యాపిల్‌కు వాసన లేదు, గింజ లేదు, నీళ్లలో వేస్తే నానిపోతుంది. అధికారి వచ్చినప్పుడు మాత్రం గోడ మీద అందంగా ఉంటుంది.

రంగులో ముంచి అచ్చులు వేయడం గురించి ఒక మాట. తిండి విలువ తెలిసిన ఇంటి నుంచి వచ్చిన పిల్లలు మనవాళ్లు. ఎప్పుడో పండగకు తినే పండును రంగులో ముంచి చెత్తబుట్టలో వేయడం వాళ్ల కళ్ల ముందు జరగకూడదు. అచ్చులకు ముదిరిన బెండకాయ తొడిమ చాలు, దానిలోనూ పువ్వులాంటి గదులున్నాయి. రాలిన ఆకులు చాలు.

ఇంకా పెద్ద నష్టం మాటది. యాపిల్ ముందు కూర్చున్న బిడ్డకు చెప్పడానికి ఏమీ ఉండదు. ఎరుపు, గుండ్రం, తీపి అని టీచరు చెప్పిన మూడు మాటలు తిరిగి చెబుతాడు. అదే బిడ్డను సీతాఫలం చెట్టు కింద నిలబెట్టండి. ఏ కాయ కన్ను విచ్చిందో, ఏది ఇంకా గట్టిదో, ఏది పిట్ట కొట్టిందో, ఏ కొమ్మకు చీమలున్నాయో చెబుతాడు. దాన్ని తన భాషలో చెబుతాడు. గోండి బిడ్డకు మామిడి 'మర్క'. ఆ మాట బడి గడప దగ్గరే ఆగిపోతే, దాని వెనుక ఉన్న తెలివి కూడా అక్కడే ఆగిపోతుంది. తర్వాత మనమే ఆ బిడ్డకు 'మాటరాదు, వెనుకబడింది' అని రాస్తాం. వెనుకబడింది బిడ్డ కాదు, మనం ఎంచుకున్న పండు.

ఉమ్మడి రాష్ట్రంలో 2004లో సవర, కువి, కొండ, కోయ, గోండి, కోలామి, బంజారా, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషల్లో మాతృభాషా బోధన మొదలైంది. దాని వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే. తెలిసిన దాని నుంచి తెలియని దానికి నడవాలి. వాచకంలో మన భాష ఉండి, కృత్యంలో మన పండు లేకపోతే ఆ నడక సగంలో ఆగుతుంది.

ఈ నడక ఎవరికైనా ఇలాగే ఉంటుందని ఇంగ్లీషు భాషే సాక్ష్యం చెబుతుంది. ఒకప్పుడు ఆ భాషలో యాపిల్ అన్న మాటను ఏ పండుకైనా వాడేవారు. తెలియని పండ్లు ఎదురైనప్పుడు తమకు తెలిసిన పేరునే వాటికి తగిలించారు. మన సీతాఫలం వాళ్లకు కస్టర్డ్ యాపిల్, వెలగపండు వుడ్ యాపిల్, జీడిమామిడి పండు క్యాష్యూ యాపిల్, అనాస పైనాపిల్. వాళ్లు తమ పండు మీద నిలబడి మన పండ్లను అర్థం చేసుకున్నారు. మన బిడ్డ తన సీతాఫలం మీద నిలబడి యాపిల్‌ను అర్థం చేసుకుంటే తప్పేముంది?

అందుకే మేము ప్రతి కృత్యానికీ మన చోటులో జోడీ వెతకాలంటాం. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా సీతాఫలం కాలం. అమెరికా యాపిల్ కాలం కూడా అదే కావడం మనకు కలిసొచ్చింది. కన్ను విచ్చిన రెండు కాయలు, ఒకే సైజువి, తీసుకోండి. ఒకదాన్ని గడ్డిలో కప్పండి, ఇంకోదాన్ని బయట గాలికి పెట్టండి. ఏది ముందు పండుతుంది అని పిల్లల్ని అడగండి. వాళ్ల అమ్మమ్మలు బియ్యం డబ్బాలో, గడ్డిలో ఎందుకు మాగబెడతారో ఇంట్లో అడిగి రమ్మనండి. పండే కాయ నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది, మూసి ఉంచితే అది చుట్టూనే ఉండి త్వరగా మాగుతుంది అని పై తరగతి పిల్లలకు చెప్పొచ్చు. రోజూ నొక్కి చూసి, వాసన చూసి, బొమ్మ గీయడమే చిన్నపిల్లల పని. ఇది నిమ్మరసం కృత్యం కంటే తక్కువది కాదు. రెండు కాయలకూ ఒక్క తేడా మాత్రమే ఉంచి చూడడం అసలైన ప్రయోగం.

లెక్కకు యాపిల్ కంటే సీతాఫలమే మేలు. యాపిల్‌లో గింజలు మామూలుగా పదికి మించవు. సీతాఫలంలో పదులకొద్దీ ఉంటాయి. తిని, కడిగి, పదేసి కుప్పలు పెడితే స్థానవిలువ పాఠం చేతిలోనే ఉంటుంది. యాపిల్‌లో ఐదు గదులు, సీతాఫలంలో తొన తొనకూ గింజ. ఎందుకంటే సీతాఫలం ఒకే పువ్వులోని ఎన్నో చిన్న భాగాలు కలిసి ఒక్కటైన పండు. పైన కనిపించే ప్రతి కన్నూ అలాంటి ఒక భాగానిదే. నక్షత్రం చూసి ఆశ్చర్యపడే బిడ్డ దీన్ని చూసీ ఆశ్చర్యపడుతుంది.

ముక్క రంగు మారే కృత్యానికి వంకాయ, అరటికాయ చాలు. కోసి వదిలేస్తే నల్లబడతాయి. మన ఇళ్లలో ముక్కల్ని నీళ్లలో వేయడం అందుకే. యాపిల్‌లో జరిగేదీ ఇదే, గాలి తగిలి లోపలి రసాయనాలు మారడం. వంటింట్లో అమ్మ చేసేది శాస్త్రమే అని బిడ్డకు తెలియడం చిన్న సంగతి కాదు. ఇక మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు. ఏరుకొచ్చిన పచ్చిపువ్వును తూచి, ఎండబెట్టి మళ్లీ తూస్తే ఎంత తగ్గిందో తెలుస్తుంది. సంతలో తూకం దగ్గర మోసపోకుండా ఉండే చదువు అక్కడే మొదలవుతుంది.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. సీతాఫలం గింజ పొడి కంట్లో పడితే ప్రమాదం, కాబట్టి గింజల్ని నలగ్గొట్టనివ్వకూడదు. చిన్నపిల్లలు మింగకుండా దగ్గరుండి చూడాలి. జీడిగింజ పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది, దాన్ని తరగతిలోకి తేకపోవడమే మంచిది. ఇంకొకటి, పుస్తకాలు రాసేవాళ్లకు తట్టనిది. మన చాలా తెగల్లో కొత్త పెట్టకుండా కొత్త పంట తినరు. మామిడి కొత్త, కంది కొత్త అయ్యేదాకా ఆగుతారు. కొత్తకు ముందు టీచరు మామిడికాయ తెచ్చి రుచి చూడమంటే బిడ్డ చేయి వెనక్కి తీసుకుంటుంది. అది మొండితనం కాదు, మర్యాద. ఊరి పెద్దను అడిగి, కొత్త అయిన మర్నాడు ఆ పాఠం పెట్టుకుంటే బడి, ఊరు ఒక్కటవుతాయి.

ఇలా అంటే యాపిల్ వద్దంటున్నామా? లేదు. యాపిల్ కూడా మన బిడ్డదే. ఆ పండుకు సొంతూరు అమెరికా కూడా కాదు. దాని అడవి తల్లి మధ్య ఆసియాలోని తియాన్‌షాన్ కొండల్లో ఉంది. హిమాచల్‌లోని కోట్‌గఢ్‌కు రెడ్ డెలీషియస్ రకాన్ని తెచ్చి నాటింది శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికన్, 1916లో. ఆ కొండ రైతుల బతుకే దానితో మారింది. ఇప్పుడు తక్కువ చలికి కాసే రకాలు వచ్చాయి. చింతపల్లి, లంబసింగి వైపు నాటి చూశారు. గోండుల ప్రాంతమైన కెరమెరి మండలం ధనోరాలో ఒక రైతు తోట 2020లో కాపు ఇచ్చింది. ఆ ఊళ్ల పిల్లలకు యాపిల్ తోట పక్కనే ఉంది. వాళ్లకు యాపిల్ పాఠమే సరైన పాఠం. తోటకు తీసుకెళ్లండి, పూత చూపించండి, ఈ చెట్టుకు చలి ఎందుకు కావాలో అడగండి. మిగిలిన చోట్ల సీతాఫలం పాఠం అయ్యాక, సంతలో కొన్న రెండు యాపిళ్లు దాని పక్కన పెట్టండి. అప్పుడు బిడ్డకు పోల్చడానికి చేతిలో ఒక కొలత ఉంటుంది. ఇది నున్నన, అది గరుకు. దీనికి గదులు, దానికి తొనలు. ఇది ఎక్కడి నుంచి లారీ ఎక్కి వచ్చింది? ఎన్నాళ్లు నిలవుంది? అది రెండు రోజులకే ఎందుకు మెత్తబడింది? మన సీతాఫలం దూరం పోలేకపోవడానికి, గిట్టుబాటు లేకపోవడానికి కారణం కూడా ఆ ప్రశ్నలోనే ఉంది.

ఒక హెచ్చరిక మనకు కూడా అవసరం. యాపిల్ బొమ్మ తీసి సీతాఫలం బొమ్మ అతికించి, కింద అదే రంగులు నింపే కాగితం ఇస్తే మార్పేమీ రాదు. స్థానికం అనే పేరుతో అలాంటివి కొన్ని వస్తున్నాయి. వాటిలో గిరిజన బొమ్మలున్నాయి, గిరిజన బిడ్డ చేయి లేదు. 'రైలుబడి' చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ హెడ్‌మాస్టరు భోజనం డబ్బాలో సముద్రం నుంచి కొంత, కొండ నుంచి కొంత తెమ్మన్నాడు. ఖరీదైన సామగ్రి ఏదీ కొనలేదు. ఇంట్లో ఉన్నదాన్నే పాఠం చేశాడు.

టీచర్ మిత్రులారా, ప్రతి బడి గోడ మీద అక్షరాల పట్టిక పక్కనే ఆ ఊరి పండ్ల క్యాలెండర్ ఒకటి ఉండాలని మా కోరిక. ఏ నెలలో ఏ పండు, ఏ పువ్వు, ఏ దుంప, ఏ కొత్త. తునికి, మొర్రి, నేరేడు, రేగు, ఉసిరి, పనస, అనాస అన్నీ దానిలోకి రావాలి. కొన్నిచోట్ల అవి నలభై దాటినా ఆశ్చర్యం లేదు. దాన్ని పిల్లలే గీయాలి.

యువ మిత్రులారా, పేర్లు మీ పని. ఆశ్రమ పాఠశాలలో పదేళ్లు చదివి ఇంటికొస్తే అడవిలో సగం చెట్లకు పేర్లు మనకే తెలియవు. అవ్వలు, తాతలు ఉండగానే అడిగి, మీ భాషలో ఆ పేర్లు ఆ క్యాలెండర్ మీద రాయండి. వచ్చే సెప్టెంబరులో మీ ఊరి బడికి కన్ను విచ్చిన కాయలు ఒక బుట్టెడు పట్టుకెళ్లండి.