ఆతిథేయి ఓర్చిన విషం

యూటా విశ్వవిద్యాలయంలోని ఎరిక్ ష్మిట్ బృందం డివామైడ్లపై రాసిన పత్రం 2018లో నేచర్ కెమికల్ బయాలజీలో అచ్చయింది. అందులో చేసిన పనినీ, ఆ పనికి చెప్పుకున్న సమర్థననూ విడివిడిగా తూచడం అవసరం.

పనికి వంక పెట్టడం కష్టం. పాపువా న్యూగినీకి చెందిన ఈస్టర్న్ ఫీల్డ్స్ నుంచి సేకరించిన ట్యూనికేట్లు చాలా చిన్న సముద్రజీవులు. వాటి సారం హెచ్‌ఐవీని అడ్డుకుంటున్నా, అందులోని అసలు పదార్థాన్ని గుర్తించడానికి చాలినంత సరుకు దొరకదు. దాన్ని తయారుచేసేది ఆ జీవి కాదు, దానిలో కాపురముంటున్న బ్యాక్టీరియా. లెడర్లీలో యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన రోజుల్లో ఆరియోమైసిన్‌నిచ్చిన మట్టి సూక్ష్మజీవిని ప్రయోగశాలలో పెంచగలిగారు. ఈ బ్యాక్టీరియా అలా లొంగలేదు. అందుకే ష్మిట్ బృందం దాని జన్యువులను చదివి, వాటిని ఇ. కోలైలో ప్రవేశపెట్టి, డివామైడ్‌ను దానిచేత తయారుచేయించింది. పత్రంలోని అసలు విజయం ఇదే.

చిక్కంతా సమర్థనతోనే. ఇటువంటి రసాయనాలు జంతుదేహానికి సరిపడతాయని ప్రకృతే ముందుగా పరీక్షించి పెట్టిందని పత్రసారాంశం అంటుంది. వినడానికి ఇంపైన మాటే గాని, బ్రయోస్టాటిన్ చరిత్ర దాన్ని బలపరచదు. నాచులా కనిపించే బుగ్యులా నెరిటీనా అనే సముద్రజీవిలోని బ్యాక్టీరియా చేసే ఈ పదార్థం నిర్మాణాన్ని 1982లో అరిజోనాలో జార్జ్ పెటిట్ బృందం ప్రకటించింది. బుగ్యులా పిల్లలను చేపలు మింగకుండా కాపాడేది అదే. అంటే, ప్రకృతి పరీక్షించింది ఆతిథేయి ఓర్పును మాత్రమే. పక్క జంతువు దాన్ని ఓర్చుకోలేకపోవడమే ఆ రసాయనానికి పని! క్యాన్సర్ రోగులకు ఇచ్చినప్పుడు తీవ్రమైన కండరాల నొప్పులు వచ్చి మోతాదు పెంచడానికి వీల్లేకపోయింది. కణాల్లో నిద్రాణంగా దాగిన హెచ్‌ఐవీని మేల్కొలుపుతుందన్న ఆశతో చేసిన చిన్న పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి: ఒక్క మోతాదుతో హాని కనబడలేదు, వైరస్ మేల్కోనూ లేదు.

సరఫరా కథ వేరు. ఒకప్పుడు సుమారు 14 టన్నుల బుగ్యులా నుంచి 18 గ్రాములు రాబట్టారు. 2017లో స్టాన్‌ఫోర్డ్‌లో పాల్ వెండర్ బృందం 29 అంచెల్లో 2 గ్రాములకు పైగా నేరుగా సంశ్లేషించింది. కొరత తీరే దారి దొరికింది గాని, మనిషి ఒంటికి సరిపడుతుందా అన్న ప్రశ్న కదల్లేదు.

విచిత్రమేమంటే, పక్కపక్కనే ఉన్న ట్యూనికేట్ సముదాయాల్లోని డివామైడ్లు నిర్మాణంలో దగ్గరివైనా గుణాల్లో బాగా వేరని ఈ పత్రమే నిరూపించింది. మరి వాటిలో ప్రకృతి మనకోసం పరీక్షించి పెట్టింది ఏది?