ఫియోనా ఇంటిపేరు

ఫియోనా మెక్లౌడ్ అనే పేరు వినగానే స్కాట్లండ్ పడమటి దీవులు, పొగమంచు, గేలిక్ పాట గుర్తుకు రావాలి. అందుకే ఆ పేరు పెట్టారు. 1894లో ‘ఫారైస్’ వచ్చిన దగ్గర్నుంచి పదకొండేళ్ళపాటు పాఠకులు ఆమెది అచ్చమైన కెల్టిక్ గొంతని మురిసిపోయారు. 1905లో విలియం షార్ప్ చనిపోయాకగానీ సంగతి బయటపడలేదు: ఫియోనా ఆయనే. ‘ఆమె’ ఉత్తరాల్లో చేతిరాత ఆయన చెల్లెలు మేరీది.

మగవాడు ఆడపేరుతో ఎందుకు రాశాడన్న చర్చ చాలానే జరిగింది. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ ఇంటిపేరు. ‘మెక్’ అంటే కొడుకు. ఎవరి కొడుకు? 13వ శతాబ్దపు లియోడ్ కొడుకు. ఆ లియోడ్ అసలు గేలిక్ పేరే కాదు. నార్స్ భాషలోని ‘ల్యోత్’ నుంచి వచ్చింది, అర్థం అందవికారి! అతని కొడుకులు టోర్మోడ్, టోర్కిల్. రెండు పేర్లలోనూ ఉన్నది ఉరుముల దేవుడు థోర్. లియోడ్ బతికిన కాలంలో ఆ దీవులు నార్వే రాజువి. 1266లో పెర్త్ ఒప్పందంతో స్కాట్లండ్‌కి దక్కాయి. గేలిక్‌లో వాటిని ఇప్పటికీ ‘పరాయివాళ్ళ దీవులు’ అనే అంటారు.

అంటే షార్ప్ స్వచ్ఛతకి గుర్తుగా ఎంచుకున్న పేరులోనే ఒక వైకింగ్ కూర్చుని ఉన్నాడు.

ఇది ఎగతాళి కాదు. మెక్లౌడ్‌లు వేరు మరిచి గేలిక్ వాళ్ళవలేదు, కలిసి అయ్యారు. 17వ శతాబ్దంలో ఆ వంశానికే చెందిన మేరీ మెక్లౌడ్, డన్‌వెగన్ ప్రభువుల మీద గేలిక్‌లో పాటలు కట్టింది. ఆమెకి స్వచ్ఛత నిరూపించుకునే పనిలేదు, భాష నోట్లోనే ఉంది. ఫియోనా రాసింది ఇంగ్లీషులో.

అసలు పేచీ ఇక్కడుంది. ఫియోనా కథల్లో దీవుల మనుషులు విధికి తలవంచి మెల్లగా మాయమైపోతుంటారు. నిజంగా అప్పుడేం జరుగుతోంది? ‘ఫారైస్’కి పన్నెండేళ్ళ ముందు, 1882లో, స్కై దీవిలోని బ్రేస్ దగ్గర కౌలురైతులు, ముఖ్యంగా ఆడవాళ్ళు, పోలీసుల మీద రాళ్ళు రువ్వారు. 1886 చట్టంతో భూమి మీద కౌలుహక్కు సాధించుకున్నారు. మాయమైపోయేవాళ్ళు చేసే పనులా ఇవి?

ఫియోనాని చదవొద్దనను. ఆ వాక్యాల్లో సముద్రం నిజంగానే వినిపిస్తుంది. కానీ ఒక జాతిని ‘అచ్చమైనది’ అని మెచ్చుకుంటూనే, దాన్ని చచ్చిపోతున్నదిగా చూపించడం ఎంత తేలికో కూడా తెలుస్తుంది. ఇంటిపేరు రక్తానికి రుజువు కాదు. ఎవరు వచ్చారో, వచ్చి ఎవరితో కలిసిపోయారో చెప్పే జ్ఞాపకం, అంతే.