రాతి అతుకును చదివే రచన
నల్లగొండ జిల్లా అంచున కృష్ణానదిపై 1955లో శంకుస్థాపన జరిగి, పునాది నుంచి 124 మీటర్ల ఎత్తున రాతికట్టడంగా లేచిన నాగార్జునసాగర్ ఆనకట్టను ఇంజినీరింగ్ విద్యార్థులకు కేస్ స్టడీగా, అంటే ఒకే నిర్మాణం ఆధారంగా పదార్థాల ఎంపికను విచారించే పాఠంగా, రాసే అధ్యాపకుని నేర్పు ఎంతో మెచ్చదగినది. తన బరువుతోనే నీటి ఒత్తిడికి ఎదురొడ్డే గురుత్వ ఆనకట్టకు సంపీడన బలం, అనగా నొక్కుడును తట్టుకొనే శక్తి, ప్రధానమని, అది రాయిలో పుష్కలమని అతడు తేల్చి చూపుతాడు. అయితే అసలు పనితనం అతుకు దగ్గరే కనబడుతుంది: రాయికీ రాయికీ నడుమ మాలు, అంటే సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద, సందు లేకుండా నిండకపోతే నీరు ఊరి, మాలులోని సున్నపు అంశం కరిగి, కట్టు గుల్లబారుతుంది కనుక, మాలు పాళ్లనే కాక నమూనాను తడిగా పరీక్షించారో పొడిగానో కూడా బలాల పట్టికలోని ప్రతి అంకె పక్కన ఓపికగా నమోదు చేస్తాడు. ఆ చిన్న వివరం వల్లనే, రేపు ఊరి చెరువు తూము మరమ్మతుకు నిలబడే విద్యార్థికి పట్టికలోని ఏ అంకెను నమ్మాలో తెలుస్తుంది.