రాక్షసుడును దస్త్రమును: ఒక నార్వే చిత్రమందలి హాస్యము

తనకల్లు ప్రాంతపు గుట్టలపై నిలిచిన పెనుగుండ్లను చూచినప్పుడు, ప్రాచీన శిలాసమాధులను తెలుగువారు రాక్షసగుళ్లనుట మాకు వింతగా తోచదు. నార్వే జానపదులును బండలలో రాక్షసులనే చూచిరి; ఎండ సోకిన 'ట్రోలు' శిల యగునని వారి నమ్మకము. 2010లో ఆంద్రే ఓవ్రెదాల్ దర్శకత్వమున వెలువడిన 'ట్రోల్‌యెగెరెన్' ఆ నమ్మకమును యథార్థచిత్రమను నెపమున హాస్యముగా చూపినది.

వికృతవేషాలంకారములు హాస్యమునకు విభావములని నాట్యశాస్త్రము. ఇందు వికృతాకారము భయానకమునకే చెల్లినది. నవ్వించునది దాని యెదుట మనుష్యుల మామూలు ధోరణి. వేటగాడు హాన్స్ ట్రోలును చంపి, వెంటనే సర్కారు ఫారము పూరించును. రాత్రిపనికి భత్యము లేదని సణుగును. ట్రోలు శిల యగుటకు పశువైద్యురాలు విటమిన్ డి ప్రక్రియతో కారణము చెప్పును. పెద్ద విద్యుత్తీగల వరుస ట్రోలులకు కట్టిన కంచె యట!

విద్యార్థుల పాత్రలు పలుచనగుట లోపమే. అయినను ఇది కేవలము ప్రహసనము కాదు. ఒకప్పుడు ట్రోలులను పిల్లలతో సహా సంహరించితినని హాన్స్ చెప్పుచోట హాస్యము కరుణమునకు దారి యిచ్చును. ఫారము నింపిన చేతికే ఆ పశ్చాత్తాపము.

కావున హాస్యమును పరిశీలించువారు వికృతినే గాక, దాని యెదుట చలింపని మామూలును గూడ విభావముగా గ్రహింపవలయునని మా యభిప్రాయము.