తాళం తీసిన సినిమా

టెహ్రాన్‌లోని ఒక పేదవాడలో కవల ఆడపిల్లలు పుట్టింది మొదలు పదకొండేళ్లపాటు ఇంటి గడప దాటలేదు. తల్లికి కళ్లు కనిపించవు. తండ్రి ముసలివాడు, బయటికి వెళ్లినప్పుడల్లా తలుపుకు తాళం వేసుకుని పోయేవాడు. ఇరుగుపొరుగు సంతకాలు చేసి సంక్షేమ శాఖకు అర్జీ పెట్టుకుంటే సంగతి లోకానికి తెలిసింది. అప్పటికి ఆ పిల్లలకు మాట సరిగా రాదు, నడక కుదురుగా లేదు. వార్త టీవీలో వచ్చిన కొద్ది రోజులకే పదిహేడేళ్ల సమీరా మఖ్మల్‌బాఫ్ కెమెరాతో ఆ ఇంటికి వెళ్లింది. పదకొండు రోజుల్లో షూటింగ్ ముగిసింది. తెరమీద తండ్రిగా ఆ తండ్రే కనిపిస్తాడు. పిల్లలుగా ఆ పిల్లలే, తల్లిగా ఆ తల్లే. ‘యాపిల్’ అనే ఈ సినిమా 1998లో కాన్ ఉత్సవంలో ‘అన్ సర్టెన్ రిగార్డ్’ విభాగంలో ప్రదర్శితమయ్యే నాటికి దర్శకురాలికి పద్దెనిమిదేళ్లు.

ఆ వయసు గురించి ఇప్పటికే చాలామంది రాశారు. అంతకంటే పట్టించుకోవలసింది ఆమె పనిచేసిన పద్ధతి అని నా నమ్మకం. జరిగిన కథను, అది ఎవరికి జరిగిందో వాళ్లచేతనే మళ్లీ నడిపించడం ఇరాన్ సినిమాకు కొత్త కాదు. 1962లో కవయిత్రి ఫొరూగ్ ఫరోఖ్‌జాద్ తబ్రీజ్ దగ్గరి కుష్ఠురోగుల ఆశ్రమానికి వెళ్లి ‘ఇల్లు చీకటి’ తీసింది. ఆమె తీసిన సినిమా అదొక్కటే, నిడివి అరగంట కూడా ఉండదు. ఎవరూ తేరిపార చూడని మొహాలను అది కళ్లు తిప్పుకోకుండా చూసింది. 1990లో అబ్బాస్ కియరోస్తమీ ‘క్లోజప్’ తీశాడు. ఒక సినిమా పిచ్చివాడు తానే దర్శకుడు మొహసిన్ మఖ్మల్‌బాఫ్‌నని చెప్పి ఒక కుటుంబాన్ని నమ్మించి అరెస్టయ్యాడు. కియరోస్తమీ అతని అసలు విచారణను చిత్రించి, జరిగిన మోసాన్ని మాత్రం అతనిచేత, మోసపోయినవాళ్లచేత మళ్లీ నటింపజేశాడు.

ఆ మొహసిన్ సమీరా తండ్రి. షా పాలనలో, పదిహేడేళ్ల వయసులో ఒక పోలీసును కత్తితో పొడిచి జైలుకెళ్లి, 1979 విప్లవంతో బయటపడ్డాడు. ఇరవయ్యేళ్ల తర్వాత ఆ పోలీసునే కలుపుకొని, ఆ రోజును మళ్లీ నడిపిస్తూ 1996లో సినిమా తీశాడు. ఇద్దరూ తమ తమ యవ్వనాన్ని నటించడానికి చెరొక కుర్రాణ్ని ఎంచుకుంటారు. గాయపడినవాడూ గాయపరచినవాడూ ఒకే సెట్‌లో నిలబడి పాత పగను వదిలించుకోవడం అందులో చూస్తాం.

ఈ పద్ధతి ఇరాన్‌లో ఇంతగా వేళ్లూనుకోవడానికి నిబంధనలూ కొంత కారణం. విప్లవం తర్వాత తెరమీద స్త్రీ తల కప్పుకునే ఉండాలి, సొంత ఇంట్లో, సొంత మొగుడి ఎదుట కూడా. ఆడామగా ఒకరినొకరు తాకకూడదు. అలాంటప్పుడు నాలుగ్గోడల మధ్య సంసారాన్ని చూపిస్తే ప్రతి ఫ్రేమూ అబద్ధమే అవుతుంది. అందుకని మంచి దర్శకులు వీధిలోకి, కొండల్లోకి, పిల్లల దగ్గరికి వెళ్లారు. పిల్లల మేధోవికాసం కోసం ఏర్పడిన ‘కానూన్’ సంస్థ సినిమా విభాగంలో కియరోస్తమీ అంతకుముందే పిల్లలతో చాలా పనిచేసి ఉన్నాడు. ఆ దారి సిద్ధంగా ఉంది.

సమీరా 1980 ఫిబ్రవరి 15న టెహ్రాన్‌లో పుట్టింది. తండ్రి తీసిన ‘సైక్లిస్టు’లో చిన్నప్పుడే నటించింది. కన్నతల్లి ఆమె చిన్నతనంలోనే పోయింది. సవతి తల్లి మర్జియే మెష్కినీ కూడా తర్వాత మంచి దర్శకురాలైంది. కౌమారంలోనే సమీరా బడి మానేసింది. మొహసిన్ తన ఇంటినే సినిమా బడిగా మార్చి భార్యకు, పిల్లలకు, కొందరు మిత్రులకు పాఠాలు చెప్పాడు. కెమెరా, ఎడిటింగ్‌తో పాటు కవిత్వం, చిత్రలేఖనం, ఈత, సైకిల్ తొక్కడం కూడా అందులో పాఠాలే. ఒక అంశం పట్టుకుంటే రోజుల తరబడి అదే పని. సినిమా తీయడమంటే ముందు ఒళ్లు వంచడం, కళ్లు తెరవడం అని నేర్పిన బడి అది.

‘యాపిల్’ స్క్రీన్‌ప్లే, ఎడిటింగ్ మొహసిన్‌వి. అందుకే, సినిమా అసలు తండ్రే తీశాడన్న మాట అప్పుడే పుట్టింది. కొడుకు విషయంలో ఎవరూ వేయని ప్రశ్నను కూతురి విషయంలో తేలిగ్గా వేసేస్తారు. ఆ ఇంటి మనుషుల దగ్గర కూర్చుని, వాళ్ల మాటల్లోంచి సన్నివేశాన్ని రాబట్టిన ఓపిక తెరమీద కనిపిస్తూనే ఉంది. అది దర్శకురాలి ఓపిక. ముసలి తండ్రిని చూడండి. పిల్లల్ని గొలుసులతో కట్టేశానని పేపర్లవాళ్లు రాశారు, అబద్ధం అని అతను కెమెరా ముందు వాపోతాడు. ఆడపిల్ల పువ్వులాంటిది, ఎండ తగిలితే వాడిపోతుందని తను చదువుకున్న మాట అప్పజెపుతాడు. అతన్ని రాక్షసుణ్ని చేయడం ఎంతో సులభం. సమీరా ఆ పని చేయలేదు. తన వాదన వినిపించుకునే చోటు ఇచ్చింది కాబట్టే అతను తలుపు తీశాడు.

ఇక ఆ సినిమాలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచే ఘట్టం. సంక్షేమ శాఖ ఉద్యోగిని వచ్చి పిల్లల్ని వీధిలోకి పంపి, తండ్రిని లోపల పెట్టి తాళం వేస్తుంది. ఆ తలుపు ఊచలు నువ్వే కోసుకో అని చేతికి రంపం ఇస్తుంది. ముసలాయన ఊచలు కోస్తూ ఉంటాడు. బయట పిల్లలు ఐస్‌క్రీము అమ్మే కుర్రాణ్ని చూస్తారు, తోటి పిల్లలతో ఆట నేర్చుకుంటారు, కొనడమంటే డబ్బు ఇవ్వాలని తెలుసుకుంటారు. మేడమీది నుంచి ఒక పిల్లవాడు దారానికి కట్టి వేలాడదీసిన యాపిల్ వాళ్ల అరచేతికి అందీ అందకుండా ఊగుతుంది. ఇదంతా కల్పించిన సన్నివేశమే. కానీ కాళ్లు తడబడుతూ ఆ వీధిలో నడుస్తున్న పిల్లలకు మాత్రం అది నిజంగానే వీధిని కొత్తగా చూడటం. ఆ పిల్లలు కెమెరా ముందే మారుతూ పోయారు. మామూలు డాక్యుమెంటరీ జరిగినదాన్ని చూపిస్తుంది. ఈ పద్ధతి ఆ మనుషులకు జరగవలసినదాన్ని జరిపిస్తుంది. దీని విలువంతా అక్కడే ఉంది.

రెండేళ్లకు ‘బ్లాక్‌బోర్డ్స్’ వచ్చింది. ఇరాన్, ఇరాక్ సరిహద్దులో కుర్దుల కొండలు. యుద్ధంలో బడులు పోయి, పంతుళ్లు నల్లబల్లలు వీపున కట్టుకుని చదువు చెప్పించుకునే పిల్లల కోసం ఊరూరా తిరుగుతుంటారు. దొంగసరుకు మోసే పిల్లలకు చదువు మీద ధ్యాస లేదు. సొంత గడ్డ హలబ్జాకు తిరిగి వెళ్తున్న ముసలివాళ్లకు చదువుతో పని లేదు. 1988 మార్చిలో రసాయన బాంబులు పడిన ఊరు అది. ఈ సినిమాలో నల్లబల్ల చేసే పనులు చూడాలి. విమానాలకు కనబడకుండా దానికి మట్టి పూస్తారు, రోగిని దానిమీద మోస్తారు, కాలు విరిగిన పిల్లవాడికి దాన్ని విరగ్గొట్టి కట్టు కడతారు. ఒక పంతులు దాన్నే కన్యాశుల్కంగా ఇచ్చి ఒక వితంతువును పెళ్లాడతాడు. ఆమెకు ‘నిన్ను ప్రేమిస్తున్నాను’ అని బల్లమీద రాసి చదవమంటాడు, ఆమె పట్టించుకోదు. విడాకులయ్యాక ఆ అక్షరాలతోనే బల్లను వీపున వేసుకుని ఆమె సరిహద్దు దాటి వెళ్లిపోతుంది. దాదాపు అందరూ ఆ కొండల మనుషులే, వితంతువుగా వేసిన బెహ్నాజ్ జాఫరీ ఒక్కతే వృత్తి నటి. మరో పంతులుగా వేసిన బహ్మన్ గొబాదీ స్వయంగా దర్శకుడు, అదే ఏడాది కాన్‌లో తొలి చిత్రానికి ఇచ్చే ‘కెమెరా దోర్’ పంచుకున్నాడు. సమీరాకు జ్యూరీ బహుమతి వచ్చింది. అప్పుడామెకు ఇరవయ్యేళ్లు.

తాలిబాన్ తొలి పాలన ముగిశాక కాబూల్ వెళ్లి తీసిన ‘సాయంత్రం ఐదింటికి’ 2003లో మళ్లీ కాన్ జ్యూరీ బహుమతి తెచ్చింది. మన దేశపు అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో స్వర్ణమయూరం కూడా ఆ ఏడాది దానికే దక్కింది. దేశాధ్యక్షురాలు కావాలని కలగనే అమ్మాయి కథ అది. తండ్రికి తెలియకుండా బడికి వెళ్తూ, దారిలో తెల్లజోళ్లు తొడుక్కుంటుంది.

ఈ పద్ధతిలో ఒక ప్రమాదమూ ఉంది, దాచకూడదు. కాబూల్‌లో నటులను వెతుక్కునే రోజుల్లో చెల్లెలు హనా వెంట ఉండి ఒక డాక్యుమెంటరీ తీసింది. అప్పటికి హనా ఇంకా చిన్నపిల్ల. భయపడి వెనక్కు తగ్గుతున్నవాళ్లను సమీరా ఎంత గట్టిగా బతిమాలిందో, ఎంత ఒత్తిడి పెట్టిందో అందులో కనిపిస్తుంది. చూస్తుంటే మనసు ఇబ్బంది పడుతుంది. పేదవాడి జీవితాన్ని అతనిచేతనే ఆడించే హక్కు ఎక్కడిదాకా? సినిమా అయ్యాక దర్శకురాలు వెళ్లిపోతుంది, వాళ్లు ఆ ఊళ్లోనే బతకాలి. ‘యాపిల్’లో ఈ ప్రశ్నకు జవాబుంది, ఎందుకంటే అక్కడ చిత్రీకరణ వల్ల తలుపు తెరుచుకుంది. 2008 నాటి ‘రెండుకాళ్ల గుర్రం’లో నాకా జవాబు దొరకలేదు. కాళ్లు లేని ధనిక బాలుణ్ని ఒక పేదపిల్లవాడు వీపున మోయడమే కథ. క్రూరత్వం ఎలా పెరుగుతుందో చూపాలన్న సంకల్పం అర్థమవుతుంది గానీ, ఆ మోసే పిల్లవాడి కష్టం తెరమీద మితిమీరింది. శాన్ సెబాస్టియన్‌లో దానికి ప్రత్యేక జ్యూరీ బహుమతి వచ్చింది, అయినా నా అభిప్రాయం ఇదే. ఆ సినిమాకు చెల్లించిన మూల్యం కూడా పెద్దదే. అఫ్ఘానిస్తాన్‌లో షూటింగ్ జరుగుతుండగా 2007లో సెట్ మీద బాంబు వేశారు, పలువురు గాయపడ్డారు.

మఖ్మల్‌బాఫ్ కుటుంబం 2005లోనే ఇరాన్ విడిచిపెట్టింది. ఈ సినిమాలకు ప్రాణం ఎదుటి మనిషి ఇంటి గుమ్మం. ఆ గుమ్మం ముందు నిలబడి, ఆ భాషలో, ఆ యాసలో తలుపు తట్టగలగాలి. ప్రవాసం దర్శకురాలి నుంచి లాక్కున్నది దాన్నే. ఇరవై ఎనిమిదేళ్లకే నాలుగు పూర్తి నిడివి చిత్రాలు తీసిన మనిషి నుంచి ‘రెండుకాళ్ల గుర్రం’ తర్వాత మరో కథాచిత్రం రాలేదంటే, ఆ నష్టం ఇరాన్‌ది మాత్రమే కాదు.

సమీరాను కొత్తగా చూడబోయేవాళ్లు బహుమతుల వరసను పట్టించుకోకుండా ‘యాపిల్’తో మొదలుపెట్టండి. అది గంటన్నర లోపే. వీలైతే దానికి ముందు ఫొరూగ్ చిన్న సినిమా కూడా చూడండి.