ఒక్క గేరు, తొంభై నాలుగు లింకులు

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి గోల్డెన్‌గేట్ వంతెన దాటి ఉత్తరానికి వెళ్తే మారిన్ కౌంటీ వస్తుంది. అక్కడి టమల్‌పైస్ కొండ ఎత్తు 2,571 అడుగులు. 1896లో మిల్‌వ్యాలీ ఊరి నుంచి శిఖరం దాకా ఆవిరి రైలు మార్గం వేశారు. ఎనిమిది మైళ్ల పైచిలుకు దారిలో 281 మలుపులు. ఇంజను లాగగలిగినంతే వాలు ఉండాలి కాబట్టి, నూరడుగుల దూరానికి ఏడడుగుల ఎత్తు మించకుండా కొండను చుట్టిచుట్టి తీసుకుపోయారు. 1930లో రైలు ఆగిపోయింది. పట్టాలు పోయి మట్టిబాట మిగిలింది. శనివారాలు నేను సైకిలు మీద ఎక్కేది ఆ బాటే. నా సైకిలుకు ఒక్కటే గేరు.

మనవాళ్లకు ఒక్క గేరు సైకిలు కొత్త కాదు. కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నది దాని మీదే. చదును నేల మీద దానికి తిరుగులేదు. చెరువు కట్ట ఎక్కాలంటే మాత్రం దిగి నెట్టాల్సిందే. అందులో సైకిలు లోపమేమీ లేదు, దాని పళ్ల లెక్క చదునుకు కట్టిన లెక్క. కొండ సైకిలు పుట్టుక కూడా దాదాపు అలాంటి సైకిళ్లతోనే జరిగింది. ఇదే మారిన్‌లో, ఫెయిర్‌ఫాక్స్ దగ్గర, 1976 అక్టోబరు 21న రీప్యాక్ అనే పందెం మొదలైంది. రెండు మైళ్ల చిల్లర దూరంలో 1,300 అడుగులు కిందికి దూకే బాట అది. తొలినాళ్లలో వాడినవి ష్విన్ కంపెనీ పాత సైకిళ్లు. పెడలు వెనక్కి తొక్కితే పడే హబ్బు బ్రేకు ఆ దిగుడుకు కాలిపోయి, లోపలి గ్రీజు పొగై పోయేది. ప్రతిసారీ హబ్బు విప్పి మళ్లీ గ్రీజు కూరాలి కాబట్టే ఆ పేరు. అయితే వాటి పని దిగడం. ఎక్కడం కోసం తర్వాత గేర్లు తగిలించుకున్నారు. ఆ గేర్లన్నీ తీసేసి అదే కొండను మళ్లీ ఒక్క గేరుతో ఎక్కాలంటే సైకిలును వేరుగా కట్టాలి. నాకు అలా కట్టి ఇచ్చిన పెద్దాయనకు అరవై దాటాయి. రెండు సాయంత్రాలు ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చుని చూశాను.

మొదట ఆయన నన్ను అడిగింది బరువు కాదు, వయసు కాదు. నువ్వు ఎప్పుడూ వెళ్లే దారిలో కాలు కింద పెట్టేది ఎక్కడ అని. ఆ చోటు తెలిస్తే పళ్లు తేలతాయట. చివరికి ముందు పళ్ల చక్రానికి 32 పళ్లు, వెనకదానికి 20 అని తేల్చాడు. అంటే పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం 1.6 చుట్లు తిరుగుతుంది. 29 అంగుళాల చక్రం, 2.4 అంగుళాల టైరు, చుట్టుకొలత సుమారు 2.3 మీటర్లు. ఒక్కో తొక్కుడు చుట్టుకు మూడు మీటర్ల డెబ్బై ముందుకు పోతామన్నమాట. రైలు బాట మీద లేచి నిలబడి నిమిషానికి నలభై చుట్లు తొక్కితే గంటకు తొమ్మిది కిలోమీటర్ల లోపు. చదునులో తొంభై చుట్లు తొక్కినా ఇరవై దాటదు. చదునులో పోగొట్టుకునేది ఎంతో ఆయన దాచకుండా చెప్పాడు. పోగొట్టుకోవాల్సింది అక్కడే, కొండ మీద కాదు అన్నాడు.

ఇక అసలు పని. డెబ్బై కిలోల మనిషి పెడలు మీద నిలబడితే చైను మీద ఎంత లాగుడు పడుతుందో ఎప్పుడైనా లెక్క వేశారా? పెడలు కడ్డీ, అంటే క్రాంకు, పొడవు 175 మిల్లీమీటర్లు. 32 పళ్ల చక్రంలో చైను తిరిగే వ్యాసార్ధం సుమారు 65. ఆ నిష్పత్తి ప్రకారం డెబ్బై కిలోలు కాస్తా చైను మీదికి వచ్చేసరికి 190 కిలోలవుతాయి. చేతులతో హ్యాండిలును పైకి లాగి తొక్కితే ఇంకా ఎక్కువ. గేర్లున్న సైకిలైతే ఇలాంటి చోట చిన్న గేరుకు మారి మెల్లగా ఎక్కిపోతాం. ఇక్కడ ఆ దారి లేదు. ఈ బరువంతా వెనక ఇరుసును కుడివైపు నుంచి ముందుకు గుంజుతుంది. ఇరుసు ఒక్క మిల్లీమీటరు జారినా చైను వదులై పడిపోతుంది. అందుకే ఇరుసు బిగించే చోట జరిగే పలకలున్న ఉక్కు ఫ్రేము ఎంచుకున్నాడు. ఒక్కో పలక వెనక దాన్ని ఆపే స్క్రూ ఉంటుంది. బ్రేకు కూడా ఆ పలకతోపాటే జరుగుతుంది కాబట్టి దాన్ని మళ్లీ సర్దుకోనక్కర లేదు. వెనక పళ్ల చక్రం విషయంలోనూ అంతే. పలచని చక్రం వేస్తే ఈ లాగుడుకు హబ్బు మీది మెత్తని అల్యూమినియం గట్లలోకి దిగబడిపోతుంది. అందుకే హబ్బుకు ఆనే పీట వెడల్పుగా ఉన్నదాన్నే తెచ్చాడు. ముందూ వెనకా పళ్లు ఒకే గీతలో ఉన్నాయో లేదో ఇనుప స్కేలు ఆనించి చూసి, ఒక వాషరు ఇటు నుంచి అటు మార్చాడు.

నేను ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరనిది ఆ తర్వాతి అరగంట. చైను ఎక్కించి క్రాంకును మెల్లగా తిప్పుతూ, కింది వరుస కింద వేలు పెట్టాడు. ఒకచోట బిగువు, అర చుట్టు తిరిగేసరికి వదులు. ముందు పళ్ల చక్రం ఎంత మంచిదైనా క్రాంకు మీద నూటికి నూరుపాళ్లు నడిమధ్యన కూర్చోదు. బోల్టు రంధ్రాల్లో వెంట్రుకవాసి సందు ఉంటుంది. చైను ఎక్కడ బాగా వదులుగా ఉందో చూసి బిగిస్తే, బిగువు చోటికి వచ్చేసరికి బేరింగులు నలుగుతాయి. బిగువు చోట చూసి సర్దితే వదులు చోట చైను ఊడుతుంది. ఆయన పళ్ల చక్రం బోల్టులు నాలుగూ కాస్త వదులు చేశాడు. బిగువు చోటు రాగానే స్క్రూడ్రైవరు పిడితో చైను మీద చిన్నగా తట్టాడు, గుడ్డు పగలకుండా తట్టినంత. పళ్ల చక్రం కంటికి కనబడనంత జరిగింది. మళ్లీ తిప్పాడు, మళ్లీ తట్టాడు. ప్రతిసారీ వేలు కింద తేడా తగ్గుతూ వచ్చింది. చివరికి చుట్టంతా ఒకే బిగువు, మధ్యలో పైకీ కిందికీ కలిపి అర అంగుళం ఆట. అప్పుడు బోల్టులు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాడు. మసాచుసెట్స్‌లో ఒక సైకిలు షాపులో పనిచేస్తూ 2008లో కన్నుమూసిన షెల్డన్ బ్రౌన్ ఈ పద్ధతిని ఎవరైనా చేసుకోగలిగేలా విడమరిచి రాసి పెట్టాడు. పెద్దాయన ఆ పేరు చెప్పేటప్పుడు గురువు పేరు చెప్పినట్టే చెప్పాడు.

పళ్లు, చైను, ఇరుసు మూడూ ఒకే నిర్ణయమని ఆ రెండో సాయంత్రమే నాకు తెలిసింది. చైను లింకు అర అంగుళం. మా సైకిలుకు 94 లింకులు పట్టాయి. 20 పళ్లతో పెడలు ఇరుసు నుంచి వెనక ఇరుసు దాకా 431 మిల్లీమీటర్లు వచ్చింది. అవే 94 లింకులతో వెనక 22 పళ్లు వేస్తే ఇరుసు ఆరు మిల్లీమీటర్లు ముందుకు వచ్చి 425 అవుతుంది. రెండు లింకులు కలిపితే 20 పళ్లకు 444 దగ్గరకు పోతుంది. చక్రం దగ్గరికి వస్తే మన బరువు దాని మీద ఎక్కువ పడి, గులకరాళ్ల మీద టైరు పట్టు చిక్కుతుంది, సైకిలు మలుపుల్లో చురుగ్గా తిరుగుతుంది. కానీ నిటారు చోట ముందు చక్రం లేస్తుంది. దూరం పోతే ముందు చక్రం నేలకు అంటుకుంటుంది, వెనక చక్రం జారుతుంది. గేర్ల సైకిలు మీద కూర్చుని ఎక్కుతాం కాబట్టి ఈ తేడాను సీటు మీద జరిగి సర్దుకుంటాం. ఇక్కడ ఎక్కువసేపు నిలబడే ఉంటాం, సర్దాల్సింది చేతుల నుంచే.

అందుకే ఆయన హ్యాండిలు కింది పది మిల్లీమీటర్ల వాషరు తీసి పైన పెట్టాడు. చేతులు దిగాయి, ముందు చక్రం లేవడం ఆగింది. హ్యాండిలు వెడల్పు 780. నిలబడి తొక్కేటప్పుడు సైకిలును ఇటూ అటూ ఊపుతూ కుడికాలుకు కుడిచేయి ఎదురు లాగాలి. ఆ లాగుడుకు వెడల్పే బలం. ముందున్న స్ప్రింగు ఫోర్కు నిలబడి తొక్కిన ప్రతిసారీ కుంగి నా శ్రమ కొంత మింగేది. దాన్ని తీసి ఉక్కు ఫోర్కు వేశాడు. స్ప్రింగు ఫోర్కు పొడవు 510. మనిషి ఎక్కగానే ఇరవై మిల్లీమీటర్లు దిగుతుంది. కాబట్టి 490 ఉన్నదాన్నే వెతికి తెచ్చాడు. ఆ ఇరవై తేడాకు ఫోర్కు వాలు ఒక డిగ్రీ మారిపోతుంది, హ్యాండిలు తిరిగే తీరే వేరైపోతుంది. స్ప్రింగు చేసే పని ఇప్పుడు టైరే చేయాలి. ట్యూబు లేని టైర్లలో నా 68 కిలోలకు ముందు 17 పీఎస్‌ఐ, వెనక 20 గాలి పెట్టి, రాయి మీద రిమ్ము తగిలిందా అని అడుగుతూ రెండు వారాలు సరిచూశాడు.

వెనక హబ్బు ఒక చుట్టుకు 72 చోట్ల పట్టుకునే రకం. అంటే పట్టు దొరికేలోపు ఖాళీగా తిరిగేది చక్రం దగ్గర ఐదు డిగ్రీలు, పెడలు దగ్గర మూడు. రాళ్ల మధ్య నిండు చుట్టు తొక్కే చోటు లేనప్పుడు పెడలు కాస్త వెనక్కి తీసి మళ్లీ తొక్కుతాం. ఆ క్షణంలో పాదం కింద ఖాళీ ఉండకూడదు. ఈ సైకిలు మీద దాదాపు లేదు.

మొదటి శనివారం రైలు బాట మీద నాకు వినబడింది టైరు కింద నలిగే గులక ఒక్కటే. చైను చప్పుడు చేయలేదు. నేను ప్రతిసారీ దిగే మలుపు దగ్గర లేచి నిలబడ్డాను, హ్యాండిలు లాగాను, ఇరుసు కదల్లేదు, చక్రం జారలేదు. మలుపు వెనకపడింది.

రెండు నెలలకు చైను కాస్త సాగింది. తీసుకెళ్తే ఆయన కింది వరుస కింద వేలు పెట్టి ఒక చుట్టు తిప్పి, వెనక స్క్రూలు రెండూ కాస్త తిప్పి బిగించాడు. ఫ్రేము కింద అంటించిన కాగితం టేపు మీద మొదటిరోజు పెన్సిలుతో రాసిన 32, 20, 94, 431 అలాగే ఉన్నాయి. 431 కొట్టేసి 432 అని రాసి, పక్కన తేదీ వేశాడు.