ప్రభుత్వ పాఠశాలల్లో సాంకేతికత, అంతర్జాలం: తెలుగు చదువు దృష్టితో ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

ప్రభుత్వ పాఠశాలలకు కంప్యూటర్లు, ట్యాబులు, అంతర్జాల సదుపాయం కల్పించే పథకాలను సాధారణంగా ఉపకరణాల సంఖ్యతోనూ ఖర్చుతోనూ అంచనా వేస్తున్నారు. తెరమీద విద్యార్థి ఏ భాషలో చదువుతున్నాడు, ఆ భాషలో తిరిగి రాయగలుగుతున్నాడా అన్న ప్రశ్న ఆ అంచనాల్లోకి రావడం లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అనుభవాలను కేరళ అనుభవం పక్కన పెట్టి ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: ప్రభుత్వ పాఠశాల, అంతర్జాలం, ట్యాబ్, తెలుగు యూనికోడ్, నిఘంటువు, తెలుగు ఉపాధ్యాయుడు.

1. ఉపోద్ఘాతం:

కేంద్ర విద్యాశాఖ 2023-24 విద్యాసంవత్సరానికి వెలువరించిన యూడైస్ ప్లస్ నివేదిక ప్రకారం దేశంలో పనిచేసే కంప్యూటర్లున్న పాఠశాలలు 57.2 శాతం, అంతర్జాల సదుపాయం ఉన్నవి 53.9 శాతం. ప్రైవేటు బడులను కూడా కలిపిన లెక్క ఇది. ఆ ఏడాది సుమారు సగం బడులకు అంతర్జాలం లేకపోవడం చిన్న విషయం కాదు. అయితే మిగిలిన సగం గురించి కూడా ఈ అంకె చెప్పేది తక్కువే. ప్రధానోపాధ్యాయుడి గదిలో హాజరు, మధ్యాహ్న భోజనం వివరాలు పంపడానికి వాడే కనెక్షనుకూ, పిల్లలు తమంతట తాము ఏదైనా వెతుక్కునే కనెక్షనుకూ మధ్య ఉన్న తేడా ఆ శాతంలో కనబడదు. తెలుగు బోధించేవారికి ఆ తేడాయే ముఖ్యం.

2. 'పంపిణీ', 'కంటెంట్' అనే మాటలు:

పథకాల భాషను గమనిస్తే వాటి దృక్పథం బయటపడుతుంది. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రారంభించిన ట్యాబుల కార్యక్రమాన్ని పత్రికలూ ప్రకటనలూ 'పంపిణీ' అన్నాయి. 8వ తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబులిచ్చిన కార్యక్రమం అది. బియ్యానికి, పింఛన్లకు, పాఠ్యపుస్తకాలకు వాడే క్రియే ట్యాబుకూ వచ్చింది. పంపిణీ ఒక రోజుతో పూర్తవుతుంది. అంతర్జాలం అలా పూర్తయ్యేది కాదు. కరెంటు, మరమ్మతు, నెలనెలా చెల్లించే బిల్లు, పాడైతే పిలవగలిగే మనిషి ఉన్నంతకాలమే అది ఉంటుంది. నిర్వహణకు వేదికా, ఫోటోలూ ఉండవు.

ఆ ట్యాబుల్లో బైజూస్ సంస్థ పాఠాలను ముందే నింపి ఇచ్చారు. ఆ సంస్థతో ప్రభుత్వ ఒప్పందం అదే ఏడాది జూన్‌లో కుదిరింది. నెట్ లేని ఊళ్లోనూ పాఠం నడవాలన్న ఆలోచన అందులో ఉంది. సిగ్నలు కోసం గుట్టెక్కే పిల్లలున్న చోట దాన్ని తేలికగా కొట్టిపారేయలేం. కానీ ముందే నింపిన పెట్టెలోంచి నింపినవాడు పెట్టిందే వస్తుంది. 2024 జూలైలో ఆ సంస్థ మాతృకంపెనీపై జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్ దివాలా ప్రక్రియకు అనుమతించింది. ప్రభుత్వ బడి పాఠాన్ని ఒక వ్యాపార సంస్థ ఆయుష్షుకు ముడిపెట్టడం ఎంతవరకు సబబన్న ప్రశ్నను ఆ పరిణామం మళ్లీ ముందుకు తెచ్చింది.

ఇదే కాలంలో 'పాఠం' అన్న మాట స్థానంలో 'కంటెంట్' అన్న మాట స్థిరపడింది. పాఠం అనేది చదవడానికీ, అప్పజెప్పడానికీ, చెప్పడానికీ, చెప్పించుకోవడానికీ ఉంటుంది. కంటెంట్‌ను చూస్తారు. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ల ద్వారా సాగిన పాఠాలు కరోనా కాలపు అత్యవసర ఏర్పాటు. విద్యార్థి ఎదురు ప్రశ్న వేసే వీలు టీవీలో లేదు. ఆ పరిస్థితిలో దాన్ని తప్పుపట్టనవసరం లేదు. బడులు తెరిచాక కూడా, తరగతి గదుల్లోకి పెద్ద తెరలు వచ్చాక కూడా, విద్యార్థి ప్రేక్షకుడిగానే మిగిలితే మాత్రం తప్పుపట్టాలి.

3. మాధ్యమ వివాదం నీడ:

ఆంధ్రప్రదేశ్‌లో తెర, ఇంగ్లీషు మాధ్యమం దాదాపు ఒకే సమయంలో బడిలోకి అడుగుపెట్టాయి. 2019 నవంబరులో మాధ్యమంపై 81వ జీవో వచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. 2020-21 నుంచి ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఫలితంగా ట్యాబును ఇంగ్లీషు తాలూకు వస్తువుగానే అందరూ చూశారు. ఇంగ్లీషు కావాలన్న దళిత, బహుజన తల్లిదండ్రుల కోరికకు బలమైన సామాజిక కారణాలున్నాయి. తెలుగు కావాలన్నవారిలో చాలామంది తమ పిల్లలను ఎక్కడ చదివించారన్న ప్రశ్నకు మనవర్గం దగ్గర మంచి జవాబు లేదు. ఆ వాదోపవాదాల్లో పడి, ఏ మాధ్యమంలో చదివినా విద్యార్థికి తెలుగు ఒక సబ్జెక్టుగా ఉంటుందనీ, ఆ సబ్జెక్టుకు కూడా కంప్యూటరు కావాలనీ తెలుగు శాఖలు గట్టిగా అడగలేదు. ఇది ఇతరులపై మోపే ఆరోపణ కాదు. ఈ వ్యాసకర్త పనిచేసే రంగం చేసిన పొరపాటు.

4. నిఘంటువు ముందు విద్యార్థి:

తెలుగు పాఠానికి అంతర్జాలం ఎందుకన్న సందేహానికి ఒక చిన్న ఉదాహరణ చాలు. బాలవ్యాకరణ సంప్రదాయంలో గసడదవాదేశ సంధికి అందరికీ తెలిసిన ఉదాహరణ 'వాడు గొట్టె'. పద్యంలో ఇటువంటి రూపం ఎదురైన విద్యార్థి ఆంధ్రభారతి నిఘంటు శోధనకు వెళ్లి 'గొట్టె' అని వెతికితే కావలసిన అర్థం దొరకదు. గకారం కకారం నుంచి వచ్చిందనీ, క్రియ 'కొట్టు' అనీ తెలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. పాత నిఘంటువుల్లో 'గుఱ్ఱము' ఉంటుంది, నేటి వాచకంలో 'గుర్రం' ఉంటుంది. బండి 'ఱ' ఎక్కడ ఉండేదో, 'ము' ఎప్పుడు 'ం' అయిందో తెలియని విద్యార్థి చేతిలో అంతటి సంపదా మూతపడిన పెట్టె అవుతుంది. మార్కుల కోసం బట్టీపట్టించే సంధి సూత్రానికి అంతర్జాలం వల్ల ఒక నిత్యోపయోగం ఏర్పడుతోంది. తెర వస్తే ఉపాధ్యాయుడి అవసరం తగ్గుతుందన్న భయానికి ఇక్కడ ఆధారం కనబడదు. వ్యాకరణం తెలిసిన ఉపాధ్యాయుడు లేకపోతే తెర ముందు విద్యార్థి ఆగిపోతాడు.

వెతకడానికి ముందు రాయాలి. తెలుగు లిపి యూనికోడ్‌లో తొలినాళ్ల నుంచే ఉంది. అయినా 'క్షేత్రం', 'ఉచ్ఛ్వాసం' అన్న మాటలను తెలుగు కీబోర్డుతో తప్పు లేకుండా కొట్టడం బడిలో ఎవరూ నేర్పరు. డిగ్రీ మొదటి ఏడాదిలో చేరినవారిలో చాలామంది ఫోనులో తెలుగును ఇంగ్లీషు అక్షరాలతోనే రాస్తారు. అసైన్‌మెంటు అడిగితే కాగితంమీద రాసి ఫోటో తీసి పంపుతారు. వారిని నిందించి లాభం లేదు. మన ముద్రణ రంగమే ఏళ్లతరబడి అను వంటి యూనికోడేతర ఫాంట్లతో పుస్తకాలు కూర్చింది. ఆ ఫైళ్లలోని పేరాను కాపీ చేసి మరోచోట పెడితే అర్థంలేని రోమన్ గుర్తులు వస్తాయి. కంటికి తెలుగే, వెతుకులాటకు తెలుగు కాదు. పాఠ్యపుస్తకాన్ని పీడీఎఫ్‌గా పెట్టగానే 'డిజిటల్' అయిందనుకునేవారు అందులో ఒక్క పదాన్ని వెతికి చూడాలి.

5. కేరళ అనుభవం:

తమ భాషను కంప్యూటరు చదువులో భాగం చేసిన పొరుగువారు ఉన్నారు కనుక ఈ పోలిక. కేరళ 2001లో ఐటీ@స్కూల్ ప్రాజెక్టును ప్రారంభించింది. 2017లో అది కైట్ అనే ప్రభుత్వ సంస్థగా మారింది. 2018లో మొదలైన హైటెక్ స్కూల్ కార్యక్రమంలో 8 నుంచి 12 వరకు 45,000 తరగతి గదులను తీసుకున్నారు. అంకెకన్నా పద్ధతి గమనించదగినది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకున్నారు. ఉపాధ్యాయులనే శిక్షకులుగా తయారుచేశారు. 'లిటిల్ కైట్స్' విద్యార్థి బృందాలకు యానిమేషన్, ఎలక్ట్రానిక్స్‌తోపాటు మలయాళం కంప్యూటింగ్‌నూ నేర్పారు. అంతర్జాలాన్ని పొందడం విద్యాహక్కులో భాగమని 2019 సెప్టెంబరులో అక్కడి హైకోర్టు చెప్పిన సంగతీ ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు. కేరళ అక్షరాస్యత, పాఠశాలల చరిత్ర వేరు. ఆ నమూనాను యథాతథంగా ఇక్కడికి తేలేం. మలయాళం కంప్యూటింగ్ అన్న ఒక్క అంశాన్ని తేవడానికి మాత్రం ఆ తేడాలేవీ అడ్డు కావు.

6. తెలుగు పీరియడు, కంప్యూటరు గది:

బడిలో కంప్యూటరు గది సాధారణంగా గణితం, విజ్ఞానశాస్త్రాల ఉపాధ్యాయుల అధీనంలో ఉంటుంది. తెలుగు ఉపాధ్యాయుడు ఆ గది అడగడు, అడిగినా ఎందుకని ఎదురు ప్రశ్న వస్తుంది. ఎందుకో చెప్పడానికి ఒక ప్రతిపాదన. తెలుగు వికీపీడియాలో మన గ్రామాలకు వేల సంఖ్యలో పుటలున్నాయి. చాలావాటిలో 2011 జనగణన అంకెలు తప్ప ఊరు కనిపించదు. 8వ తరగతి విద్యార్థులు వారానికొక తెలుగు పీరియడు ఆ గదిలో కూర్చుని తమ ఊరి పుటను చదవవచ్చు, సవరించవచ్చు. చెరువు పేరు, తిరునాళ్ల నెల, ఊళ్లో మాత్రమే వినిపించే పనిముట్ల పేర్లు సేకరించి యూనికోడ్‌లో రాయవచ్చు. ఇందుకు కొత్త ట్యాబు అక్కరలేదు, ఉన్న గది తాళం చాలు. రాసినదానికి ఆధారం చూపమని వికీపీడియా అడుగుతుంది. అచ్చులో ఎక్కడా లేని, ఊరి ముసలివాళ్లు మాత్రమే చెప్పిన పేరుకు ఏ ఆధారం చూపాలన్న తగవు తరగతిలో తప్పక వస్తుంది. దానికి ఒక పీరియడు చాలదు.